మా అమ్మ చీర, కాలేజీ డే నాటకం

కిందటి నెల ఇదే పేజీలో, 1958లో నేను పీయూసీలో చేరిన రోజు గురించి నాలుగు ముక్కలు రాశాను. గోదావరి జిల్లాలో చిన్న ఊరు, పెంకుటింటి కాలేజీ, కాలవగట్టు మీద మట్టిరోడ్డు. అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కాలేజీ పేరు చెప్పమని చాలామంది అడిగారు. చెప్పను. కింద ఒకచోట దాని మీద కాస్త కోపంగా రాశాను, అందుకని.

“తప్పు పట్టానని అనుకోకండి. 1958లో కాఫీ రెండణాలని రాశారు. అప్పటికే నయాపైసలు వచ్చేశాయి కదా?” (బ్యాంకులో పనిచేసి రిటైరైన పాఠకుడు, ఏలూరు)

బ్యాంకువారు కాబట్టి పట్టుకున్నారు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, నిజమే. కానీ అణాలు ఆ రాత్రికి రాత్రి గోదాట్లో కలిసిపోలేదు కదండీ! జేబులోనూ అవే, నోటా అవే. అణాకి 6 నయాపైసలు, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఎక్కాల్లా మాకు నోటికొచ్చిన పట్టిక ఇది. చిక్కల్లా రెండణాల దగ్గరే. రూపాయికి పదహారణాలు, నూరు నయాపైసలు కాబట్టి లెక్కప్రకారం పన్నెండున్నర. ఆ అర నయాపైసా ఎవరిది? కాలేజీ ఎదురుగా హోటలాయన 13 అడిగేవాడు, మగపిల్లలు 12 పెట్టి లేచిపోయేవారు. అప్పుడు అక్కడే డిగ్రీ చదువుతున్న మా అన్నయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు: ఇద్దరు కలిసి తాగి పావలా బిళ్ళ ఇచ్చేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ ఏడాదంతా మా కాలేజీలో మగపిల్లలు జంటలు జంటలుగా కాఫీకి వెళ్ళారు. చూసినవాళ్ళు ఎంత స్నేహమో అనుకునేవారు.

నేనా హోటల్లో ఒక్క కాఫీ కూడా తాగలేదు. ఆడపిల్లలు హోటలుకి వెళ్ళకూడదు.

“మా తాతయ్య ‘నేను పీయూసీ తప్పాన్రా’ అంటుంటారు. అంటే టెన్తా, ఇంటరా అమ్మమ్మగారూ?” (ఇంటర్ విద్యార్థి, హైదరాబాదు)

రెండూ కాదు నాయనా. మా రోజుల్లో హైస్కూలు ఎస్సెల్సీతో అయిపోయేది. అది పదకొండో తరగతి. ఆ తర్వాత ఒకే ఒక్క ఏడాది ప్రీ యూనివర్సిటీ కోర్సు, ఆపైన మూడేళ్ళ డిగ్రీ. మాకంటే ముందువాళ్ళు రెండేళ్ళ ఇంటర్మీడియట్, రెండేళ్ళ బీఏ చదివారు. మాకు దాన్ని ఒకటీ, మూడూ చేశారు. 1969లో మళ్ళీ రెండేళ్ళ ఇంటరే వచ్చింది, 1971లో దానికో బోర్డు పుట్టింది. మా పీయూసీకి పరీక్ష పెట్టేది యూనివర్సిటీయే. కోస్తా జిల్లాల వాళ్ళం కాబట్టి మాకు ఆంధ్రా యూనివర్సిటీ, మా పేపర్లు వాల్తేరు పోయేవి. సీమలోనూ నెల్లూరులోనూ ఉన్నవాళ్ళకి 1954 నుంచి తిరుపతి.

తాతయ్యగారు తప్పారని నవ్వకు. ఆ ఒక్క ఏడాది దాటడం అంత తేలిక కాదు. పదకొండేళ్ళు తెలుగులో చదువుకున్నవాళ్ళం, జూలైలో క్లాసులోకి వెళ్ళి కూర్చునేసరికి బల్ల మీద సీసాల దగ్గర్నుంచి గోడ మీద దేశపటం దాకా అన్నీ ఇంగ్లీషే మాట్లాడుతున్నాయి. మొదటి నెల కెమిస్ట్రీ మాస్టారు చెప్పిందంతా నేను తెలుగు లిపిలో రాసుకున్నాను. ‘జింక్ ప్లస్ డైల్యూట్ సల్ఫ్యూరిక్ ఆసిడ్ గివ్స్ హైడ్రోజన్’ అని, ఆయన నోటి నుంచి ఎలా ఊడిపడితే అలా. ఇంటికొచ్చి అన్నయ్య ముందు చదివితే వాడు ఇంగ్లీషులోకి దింపిపెట్టేవాడు. ఓ రోజు మాస్టారు బెంచీల మధ్య తిరుగుతూ నా నోట్సు తీసి చూశారు. నా ప్రాణం పోయింది. ఆయన రెండు పేజీలు తిప్పి, “స్పెల్లింగు తప్పులు లేని నోట్సు క్లాసు మొత్తానికి ఇదొక్కటే” అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

తెలుగులో కాలేజీ పుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ 1968లో వచ్చింది. నాకు పదేళ్ళు ఆలస్యంగా.

“మీ క్లాసులో ఆడపిల్లలు ఎంతమంది? అబ్బాయిలతో మాట్లాడేవారా?” (డిగ్రీ విద్యార్థిని, తణుకు)

కాలేజీ మొత్తానికి తొమ్మిదిమందిమి. పీయూసీలో నలుగురం. ఆఫీసు పక్కన మాకో గది ఉండేది, లేడీస్ వెయిటింగ్ రూమ్. దాని గుమ్మానికి పచ్చ తెర, లోపల రెండు బెంచీలు, ఓ నీళ్ళ కూజా, గోడకి మసకబారిన అద్దం. గంట కొట్టగానే క్లాసుకి పరిగెత్తడానికి లేదు. మాస్టారు స్టాఫ్ రూములోంచి బయటికి రావాలి, మా గది ముందు నుంచి వెళ్ళాలి, అప్పుడు మేము ఆయన వెనకాల వరసగా నడవాలి. కోడి వెనక పిల్లల్లా. క్లాసయ్యాక మళ్ళీ ఆయన వెనకాలే బయటికి. ఫిజిక్సు మాస్టారిది పెద్ద అంగ. ఆయన వెనక పరికిణీ ఓణీల్లో పుస్తకాలు గుండెలకి హత్తుకుని మేము సగం పరుగు, సగం నడక.

కూర్చునేది ముందు బెంచీ, ఎడమ పక్క. తల తిప్పకూడదు. అందుకని క్లాసులో నాకు ఎవరి మొహాలూ తెలీవు, గొంతులు తెలుసు. హాజరు పిలిచేటప్పుడు 23వ నంబరు కుర్రాడు ‘ప్రెజెంట్ సార్’ అనేది వింటే వాడికి జలుబు చేసిందో లేదో చెప్పేదాన్ని. ఆ 23 ఎవరో పరీక్ష హాల్లో నంబరు చూసి తెలుసుకున్నాను. బక్కగా, నల్లగా, ఇంతెత్తు మనిషి. నేనేమో పొట్టివాడనుకున్నాను!

మాట్లాడేవారా అన్నావు. లేదమ్మా. ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి అటెండరు చేతికివ్వాలి. ఆ చీటీ ముందు మాస్టారి దగ్గరికి వెళ్తుంది. ఆ చీటీల సంగతి తర్వాతి ఉత్తరానికి పనికొస్తుంది.

“తాతయ్య పోయాక ఆయన పెట్టెలో ఓ ఫోటో దొరికింది. స్టేజీ మీద చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, బొట్టుతో ఉన్నారు. వెనకాల ‘కాలేజీ డే, 1961’ అని ఉంది. ఇంట్లో కొందరు నవ్వుతున్నారు, కొందరు దాచేయమంటున్నారు. మీకేమైనా తెలుసా?” (ఒక మనవడు, రావులపాలెం)

దాచకు బాబూ. ఫ్రేము కట్టించు. ఆ రోజుల్లో ఆడవేషం అందరికీ ఇచ్చేవారు కాదు. మొహంలో కళ ఉండాలి, నడుం సన్నగా ఉండాలి, అన్నిటికంటే ముఖ్యం, తోటి మగపిల్లలు ఏడాది పొడుగునా ఏడిపిస్తే ఓర్చుకునే గుండె ఉండాలి. ఆడవేషాలకే పేరుపడిన బాపట్ల స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అది జరిగి రెండేళ్ళే అయింది కాబట్టి, మా కాలేజీలో ఆడవేషం వేసే కుర్రాడు “నాకూ ఢిల్లీ నుంచి పిలుపొస్తుంది చూస్కోండి” అని తిప్పికొట్టేవాడు.

మరి ఆడపిల్లలు ఉండగా మగపిల్లాడికి చీర ఎందుకు కట్టారు? అప్పుడు నేనూ ఇదే అడిగాను. మంచి ఇంటి పిల్లలు స్టేజీ ఎక్కరు, అన్నారు. సురభి నాటక సమాజం వాళ్ళు 1885 నుంచి ఆడేవాళ్ళు, ఇంటిల్లిపాదీ, ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేసేవారు. మా ఊళ్ళో వాళ్ళ డేరా పడితే కాలేజీ పెద్దలంతా ముందు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చినవాళ్ళే. అది వేరు, ఇది వేరు, అన్నారు. ఏది వేరో అరవై ఏళ్ళు దాటినా నాకెవరూ చెప్పలేదు.

ఆ ఏడాది కాలేజీ డే ఫిబ్రవరిలో. వక్తృత్వ పోటీలు, పద్యపఠనం, ఏకపాత్రాభినయం, హార్మోనీతో రాయబారం సీను, చివర సాంఘిక ఏకాంకిక. ఏకాంకిక మా తెలుగు మాస్టారే రాశారు. వాల్తేరులో యూనివర్సిటీ రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి గారికి నాటకమంటే ప్రాణం, కాలేజీలకి నాటక పోటీలు పెట్టించేవారు. దాన్ని అక్కడికి తీసుకెళ్ళాలని మా మాస్టారి ఆశ. రిహార్సళ్ళు వారి ఇంటి వరండాలో. హీరోయిను బీఏ రెండో ఏడు కుర్రాడు. మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాడు, నున్నటి మొహం. కానీ నడక! దుక్కి దున్నే అంగలు. చీరతో రెండడుగులు వేస్తే కుచ్చిళ్ళు కాలి కింద పడి మొత్తం ఊడి చేతికొచ్చేది.

మాస్టారి భార్యని మేము పిన్నిగారూ అనేవాళ్ళం. ఆవిడకి చంటిపిల్లాడు, ఒంటిచేత్తో ఇల్లు. “నువ్వొచ్చి చూసి ఏం తప్పో చెప్పవే” అని నన్ను పిలిచారు. నేను లోపల గదిలో కిటికీ వెనక కూర్చోవాలి. కుర్రాళ్ళు వరండాలో. చూడొచ్చు, మాట్లాడకూడదు. నేను చీటీ రాస్తే పిన్నిగారి పెద్దమ్మాయి, ఆరేళ్ళది, పట్టుకెళ్ళి ఇచ్చేది.

కొన్ని ఇంకా గుర్తున్నాయి.

“మోకాళ్ళకి కాస్త పైన తువ్వాలు వదులుగా కట్టుకుని నడవండి. నాలుగు రోజులకి అలవాటవుతుంది.”

“మెట్టు ఎక్కేటప్పుడే కుచ్చిళ్ళు ఎత్తాలి. చదును నేల మీద ఎవరూ ఎత్తరు.”

“నీళ్ళ గ్లాసు ఇచ్చేటప్పుడు అంచు పట్టుకోకండి, అడుగు పట్టుకోండి.”

“మామగారు రాగానే గోడకి అతుక్కుపోతున్నారు. మా ఇంట్లో ఎవరూ అలా అతుక్కోరు. పమిట భుజం మీదికి లాక్కుని పని చేసుకుంటూ ఉంటారు.”

ఈ చివరిది చూసి మాస్టారు సీనే మార్చారు. ఆ కుర్రాడు పాపం ఒక్కటికీ ఎదురు చెప్పలేదు. తువ్వాలు కట్టుకుని హాస్టలు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేవాడట, అన్నయ్య చెప్పి నవ్వేవాడు. వారం తిరిగేసరికి నడక కుదిరింది. ఆఖరి రోజు వాడి నుంచి నాకో చీటీ వచ్చింది, ఒకే ఒక్కటి: “అమ్మాయిగారికి, స్టేజీ మీద పమిట జారితే ఏం చెయ్యవలెను?” నేను రెండు పిన్నీసులు అదే కాగితానికి గుచ్చి పంపాను. ఒకటి భుజానికి, ఒకటి నడుం దగ్గర కుచ్చిళ్ళకి.

చీర నాదే. అంటే మా అమ్మది. ఉప్పాడ చీర, చిలకపచ్చ, సన్న జరీ అంచు. స్నేహితురాలి ఇంట్లో పేరంటానికని అబద్ధం చెప్పి తెచ్చాను.

నాటకం రోజు మేము తొమ్మిదిమందీ మాస్టార్ల భార్యలతో కలిసి తాడు కట్టిన ఎడమ పక్కన, రెండో వరసలో. రెండో సీనులో కరెంటు పోయింది, మైకు పోయింది. పెట్రోమాక్సు లైట్లు రెండు వెలిగించి పక్కన వేలాడదీశారు. అంతవరకూ బాగానే ఉంది. మూడో సీనులో కోడలు మామగారిని నిలదీసే మాట. ఆ కుర్రాడు ముందుకొచ్చాడు, పమిట సర్దుకున్నాడు, చాలా బాగా సర్దుకున్నాడు, నోరు తెరిచాడు. మాట రాలేదు. పక్క తెర వెనక ప్రాంప్టరు ఉన్నాడు కానీ వాడి వైపు దీపం లేదు, కాగితం కనపడలేదు. హాలంతా నిశ్శబ్దం, పెట్రోమాక్సు బుస తప్ప.

మూడు వారాలు కిటికీ వెనక కూర్చున్నదాన్ని. ఆ మాట నాకు నిద్రలో అడిగినా వస్తుంది. నోరు ఊరుకోలేదు.

“మీ ఇంటికి నేను తెచ్చినవి లెక్క రాసుకున్నారు మామయ్యగారూ, మీ ఇంట్లో నేను చేసినవి ఎవరు రాసుకున్నారు?”

గుసగుసగా అనాలనుకున్నాను. మైకు లేని హాల్లో చివరి బెంచీ దాకా వినిపించింది. పిన్నిగారు నా మోచెయ్యి పట్టుకుని గిల్లారు. స్టేజీ మీద వాడు మెల్లగా నా వైపు తిరిగి, అదే మాట మళ్ళీ అన్నాడు, నేనన్న పద్ధతిలోనే. ఒకటే చప్పట్లు. చాలామంది అది నాటకంలో భాగమే అనుకున్నారు. ముందు వరసలో ప్రిన్సిపాలుగారు మాత్రం అనుకోలేదు. మర్నాడు పిలిచి, “ఆడపిల్లలు సభలో గొంతెత్తడం మన సంప్రదాయం కాదు” అని పావుగంట చెప్పారు. ఆ పక్కనే బీరువా మీద ఏకాంకికకి వచ్చిన కప్పు ఉంది. ఆడవేషానికి ఆ కుర్రాడికి మెడల్ ఇచ్చారు. నాకు హెచ్చరిక ఇచ్చారు. కాలేజీ పేరు రాయనన్నది ఇందుకే.

చీర నాలుగో రోజున తిరిగొచ్చింది. కొంగు మీద జానెడు మేర ఎర్ర గ్రీజు పెయింటు. కిరసనాయిలు పెట్టి రుద్దాను, జిడ్డు పోయింది, రంగు పోలేదు. కుంకుడురసంలో నానబెట్టాను, పచ్చదనం కొంచెం పోయింది, ఎరుపు అలాగే ఉంది. అమ్మ చూసింది. పేరంటంలో ఇంత పారాణి ఎవరు పూశారే, అంది. నేను మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడు కట్టినా అమ్మ ఆ మరక లోపలికి వచ్చేలా కొంగు మడిచి దోపుకునేది. అన్నయ్య అప్పటికే ఊరంతా చెప్పేశాడని నాకు చాలా రోజులకి తెలిసింది.

మీ తాతయ్య వేషం వెనకాల కూడా ఎవరి చీరో ఉంటుంది. ఫోటోలో అంచు కనపడితే మీ నాయనమ్మ తరపు పెద్దవాళ్ళకి చూపించు. చీర గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఉంటారు.

“అప్పట్లో ర్యాగింగ్ ఉండేదా?” (పాఠకుడు, వరంగల్లు)

ఆ మాట మేము వినలేదు. కొత్తగా చేరిన మగపిల్లల్ని సీనియర్లు కాలవగట్టున నిలబెట్టి పద్యం పాడమనేవారు. రాగం తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మా అన్నయ్యకి గొంతు లేదు. వాడి చేత ఒకే పద్యం పదకొండుసార్లు పాడించి, ఆఖరికి వాళ్ళే దణ్ణం పెట్టి ఆపించారట.

“పల్లెటూళ్ళ నుంచి వచ్చి చదివేవారికి భోజనం ఎలా?” (గృహిణి, అమలాపురం)

డబ్బున్నవాళ్ళు హాస్టలు. లేనివాళ్ళు నలుగురు కలిసి గది తీసుకుని కిరసనాయిలు స్టౌ మీద వండుకునేవారు. ఇంకా లేనివాళ్ళు వారాలు చేసుకునేవారు, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. దగ్గర పల్లెల వాళ్ళకి కేరేజీ. పొద్దున్న బస్సు టాపు మీద ఇరవై ముప్ఫై కేరేజీలు వచ్చేవి. ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డముక్క, ఎవరిదో తెలియడానికి. దిగేటప్పుడు మారిపోయేవి. పెసరట్టు ఆశించినవాడికి ఆవకాయ అన్నం వచ్చేది. అలా మారిన కేరేజీ తిని, మర్నాడు ఆ గిన్నెలో మామిడిపండు పెట్టి పంపిన తల్లులు ఉన్నారు. మా ఇల్లు ఆ ఊళ్ళోనే కాబట్టి నాకా బాధ లేదు. మంగళవారం, శుక్రవారం మా ఇంట్లో వారాలబ్బాయిలు ఇద్దరు తినేవారు. అందులో ఒకడు మా 23.

“మీరెప్పుడైనా స్టేజీ ఎక్కారా అమ్మా?” (కొత్తగా కాలేజీలో చేరిన అమ్మాయి, విజయనగరం)

ఎక్కాను తల్లీ, మీసంతో.

డిగ్రీ ఆఖరి ఏడాదికి ఆడపిల్లలు ముప్ఫైమంది అయ్యారు. మాకూ ఓ నాటిక కావాలని పట్టుపట్టాం. సరేనన్నారు, కానీ చూసేవాళ్ళు కూడా ఆడవాళ్ళే అయి ఉండాలి, మధ్యాహ్నం మూడింటికే అయిపోవాలి. అందులో జమీందారు వేషం నాది. కాటుకతో మీసం, అన్నయ్య పంచె, నాన్నగారి కండువా. ఏప్రిల్ ఎండ, రేకుల కప్పు. మొదటి సీను అయ్యేసరికి మీసం ఒక పక్క గడ్డం దాకా జారింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అసలు ఇబ్బంది పంచెతో వచ్చింది. చీర కట్టడం చెప్పడానికి మగపిల్లలకి నేను దొరికాను కానీ, పంచె కట్టడం చెప్పడానికి నాకు కిటికీ వెనక ఎవరూ లేరు. అన్నయ్య అప్పటికి ఉద్యోగానికి కాకినాడ వెళ్ళిపోయాడు. ఎలాగో చుట్టుకున్నాను. రెండో సీనులో కర్ర ఊపుకుంటూ గట్టిగా నాలుగడుగులు వేశానో లేదో, గోచీ వదులైంది. ఎడం చేత్తో నడుం పట్టుకుని, కుడి చేత్తో కర్ర ఎత్తి, నౌకరు వేషం వేసిన అమ్మాయిని “పిన్నీసు తేరా!” అని అరిచాను. నౌకరు “చిత్తం దొరా” అని లోపలికి పరిగెత్తి, నిజంగానే తెచ్చింది. ఒకటే తెచ్చింది.